కాగితం మీద 17 శాతం, తొట్టిలో 16.3: ఆప్టిమైజేషన్‌ను కోళ్ల మేతకు వాడే పద్ధతి, అంచెలంచెలుగా

పాత పదో తరగతి లెక్కల పుస్తకంలో లీనియర్ ప్రోగ్రామింగ్ (కొన్ని నిబంధనలకు లోబడి ఖర్చు కనిష్ఠంగానో లాభం గరిష్ఠంగానో ఉండే చోటు కనుక్కునే లెక్క) పాఠం చదివినవాళ్లకు సమలాభ రేఖ గుర్తుండే ఉంటుంది. గ్రాఫు మీద నాలుగు గీతలు గీసి, మధ్యలో వచ్చిన బహుభుజికి షేడ్ వేసి, స్కేలును జరుపుకుంటూ పోతే చివరికి ఒక మూల తగులుతుంది. ఆ మూలే జవాబు, నాలుగు మార్కులు. ఇంజనీరింగ్‌లో అదే పాఠం, ఆ మూలను వెతికే సింప్లెక్స్ అనే పద్ధతి పట్టికలతో మళ్లీ వచ్చింది. అక్కడా మార్కులు బాగానే పడ్డాయి. ఆ ధైర్యంతోనే గోదావరి జిల్లాలో ఒక చిన్న ఫీడ్ మిల్లుకు వెళ్లి, లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల మేత ఖర్చు తగ్గిస్తానని మాటిచ్చాను.

తగ్గించాను. టన్నుకు 620 రూపాయలు. నెల తిరక్కుండానే గుడ్డు సైజు తగ్గిందని ఫారం నుంచి ఫోన్ వచ్చింది.

ఈ వ్యాసంలో నేను చెప్పేది ఆ రెండు వాక్యాల మధ్య జరిగిన కథే. సింప్లెక్స్ ఎలా పనిచేస్తుందో చెప్పను, ఆ పని కంప్యూటర్ చూసుకుంటుంది. దానికి ఏం ఇవ్వాలి, అది ఇచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి అన్నదే మన పని. ఎక్సెల్ వచ్చిన ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసి చూసుకునేలా అంకెలన్నీ ఇస్తున్నాను.

మొదటి అడుగు: సమస్యను మిల్లులో చూడండి, కాగితం మీద కాదు

గుడ్డు ఉత్పత్తి ఖర్చులో సుమారు మూడింట రెండు వంతులు మేతకే పోతుంది. అందుకే చవకైన మేత లెక్క ఈ రంగంలో పాతదే. లీనియర్ ప్రోగ్రామింగ్ పుట్టుకలోనే తిండి లెక్క ఉంది. 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక మనిషి ఏడాది పాటు అన్ని పోషకాలతో అతి చవకగా బతకాలంటే ఎంతవుతుందో లెక్క కట్టాడు. 77 పదార్థాలు, 9 పోషకాలు తీసుకుని, తెలివితో, ఉజ్జాయింపుతో తేల్చిన మొత్తం 39.93 డాలర్లు. 1947లో అదే లెక్కను డాంట్జిగ్ అనే గణితవేత్త కొత్తగా కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతిలో వేశారు. తొమ్మిది మంది గుమాస్తాలు చేత్తో తిప్పే యంత్రాలతో మొత్తం 120 పనిదినాలు కష్టపడితే 39.69 డాలర్లు వచ్చింది. ఇంతా చేస్తే తేడా 24 సెంట్లు.

నేను మిల్లులో అడుగుపెట్టిన రోజే ఒక పని చేసి ఉండాల్సింది. వాళ్లు అప్పటికి వాడుతున్న కలయిక ఎందుకలా ఉందో అడగాలి. మిక్సర్ దగ్గర పాతికేళ్లుగా ఉన్న పెద్దాయన ఫార్ములా ఇది: టన్నుకు మొక్కజొన్న 11 బస్తాలు, సోయా చెక్క 5 బస్తాలు, నూనె తీసిన తవుడు బస్తాన్నర, రాయి గ్రిట్ 2 బస్తాలు, మిగిలిన 25 కిలోలు ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి), ఉప్పు, ఇతర మందులు. బస్తా అంటే 50 కిలోలు. నేను దాన్ని చూసి ‘ఏదో ఉజ్జాయింపు లెక్క’ అనుకున్నాను. అడగలేదు.

మీరు ఏ రంగంలో ఉన్నా, బస్సుల షెడ్యూలైనా గోడౌన్ సరుకైనా, ఇప్పుడు నడుస్తున్న పద్ధతిని ముందు రాసుకోండి. మీ మోడల్‌లో ఆ పాత జవాబును పెట్టి చూడండి. అది నిబంధనల్లో ఇమడకపోతే తప్పు చాలాసార్లు మీ మోడల్‌దే. ఇమిడినా ఖర్చు ఎక్కువ చూపిస్తోందంటే, ఆ ఎక్కువ ఖర్చుతో వాళ్లు ఏం కొనుక్కుంటున్నారో కనుక్కోండి.

రెండో అడుగు: అంకెలు పేర్చడం

చలరాశులు మూడే: మొక్కజొన్న, సోయా, తవుడు, అన్నీ కిలోల్లో. గ్రిట్ 100 కిలోలు, ప్రీమిక్స్ వగైరా 25 కిలోలు స్థిరం అనుకుందాం. గ్రిట్‌లో 38 శాతం కాల్షియం ఉంటే టన్ను మేతకు 3.8 శాతం వస్తుంది, గుడ్డు పెంకుకు అది కావాలి. కాబట్టి మన మూడు సరుకుల మొత్తం 875 కిలోలు.

ధరలు లెక్క కోసం వేసుకున్నవి, మీ ఊరి ధర మీరు పెట్టుకోండి. మొక్కజొన్న కిలో 24 రూపాయలు, ప్రోటీన్ 9 శాతం, శక్తి కిలోకు 3,300 కిలోక్యాలరీలు. సోయా 45 రూపాయలు, 46 శాతం, 2,230. తవుడు 16 రూపాయలు, 15 శాతం, 1,900. గ్రిట్ 4 రూపాయలు. ప్రీమిక్స్ ఖర్చు ఎటూ మారదు కాబట్టి పక్కన పెట్టాను.

నిబంధనలు రెండు. ప్రోటీన్ 17 శాతానికి తగ్గకూడదు, అంటే టన్నులో 170 కిలోలు. శక్తి కిలోకు 2,500 కంటే తగ్గకూడదు.

ఇక్కడే చాలామంది మొదటి దెబ్బ తింటారు. ప్రోటీన్ శాతాన్ని ‘ప్రోటీన్ కిలోలు భాగించు మొత్తం కిలోలు’ అని సెల్‌లో రాస్తారు. మొత్తం కూడా చలరాశుల కూడికే కాబట్టి ఆ భాగహారంతో లెక్క సరళంగా ఉండదు. సాల్వర్ (ఎక్సెల్‌లో ఇలాంటి లెక్కలు తేల్చే భాగం) ‘లీనియారిటీ’ గురించి గొణుగుతుంది. భాగహారం తీసేసి గుణించి రాయండి: 0.09 మొక్కజొన్న + 0.46 సోయా + 0.15 తవుడు, ఇది 170 లేదా అంతకంటే ఎక్కువ. శక్తిని కూడా 25,00,000 అని కాకుండా వేలల్లో రాయండి: 3.3, 2.23, 1.9, కుడివైపు 2,500. ఒక వరుసలో లక్షలు, పక్క వరుసలో సున్నా పాయింట్లు ఉంటే పెద్ద మోడళ్లలో సాల్వర్ తడబడుతుంది. దానికి ‘సమానం’ అంటే పూర్తిగా సమానం అని కాదు, ఒక చిన్న తేడా లోపల సమానం అని.

మూడో అడుగు: సాల్వర్‌ను సరిగా నొక్కడం

ఎక్సెల్ సాల్వర్‌లో పద్ధతి దగ్గర ‘జీఆర్జీ నాన్‌లీనియర్’ అని ముందే ఎంచుకుని ఉంటుంది. దాన్ని ‘సింప్లెక్స్ ఎల్పీ’కి మార్చండి. చలరాశులు సున్నాకు తగ్గకూడదనే టిక్ పెట్టి ఉందో లేదో చూడండి. లేకపోతే ఏదో ఒక రోజు అది మైనస్ 40 కిలోల తవుడు వేయమంటుంది. ఎక్సెల్‌తో వచ్చే సాల్వర్ 200 చలరాశులు దాటితే తీసుకోదు. పైథాన్ వచ్చినవాళ్లు పల్ప్ గానీ హైస్ గానీ అనే ప్రోగ్రాములు వాడుకోవచ్చు, రెండూ ఉచితమే.

అల్గారిథం ఎంపిక గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. 1972లో క్లీ, మింటీ అనే ఇద్దరు సింప్లెక్స్ ప్రతి మూలా తిరిగి తిరిగి అలసిపోయేలా ఒక సమస్యను కట్టి చూపించారు. 1979లో ఖచియాన్ చూపించిన పద్ధతి సిద్ధాంతం ప్రకారం అంతకంటే ఎంతో మేలు, కానీ ఆచరణలో నత్తనడక. తిట్లు తిన్న సింప్లెక్స్ మాత్రం ఇప్పటికీ రోజూ పనిచేస్తూనే ఉంది. మన మూడు సరుకులకు ఏ పద్ధతైనా కన్ను ఆర్పేలోగా తేల్చేస్తుంది.

జవాబు: మొక్కజొన్న 543.9, సోయా 230.3, తవుడు 100.8 కిలోలు. గ్రిట్‌తో కలిపి టన్ను ఖర్చు 25,430 రూపాయలు. పెద్దాయన ఫార్ములాను అదే ధరల్లో లెక్కిస్తే 26,050. తేడా 620. నేను ఎగిరి గంతేసింది ఇక్కడే.

మధ్యలో ‘సాధ్యం కాదు’ అని వస్తే కంగారుపడకండి. ఒకసారి ఓనరు గారు శక్తి 2,700 కావాలన్నారు. 17 శాతం ప్రోటీన్‌తో తవుడు పూర్తిగా తీసేసినా ఈ సరుకులతో 2,624 దాటదు, ఎందుకంటే పదో వంతు చోటు గ్రిట్ ఆక్రమించింది. సాల్వర్ ఆ మాట చెప్పదు, ‘ఇన్‌ఫీజిబుల్’ అని ఊరుకుంటుంది. అప్పుడు చేయాల్సింది ప్రతి నిబంధనకూ ఒక ‘లోటు’ చలరాశి కలిపి, లోటు ఒక్కో యూనిట్‌కు భారీ జరిమానా వేయడం. అప్పుడు ఏ నిబంధన దగ్గర ఎంత లోటు పడిందో అంకెతో సహా తెలుస్తుంది. ఓనరు గారి దగ్గరకు ‘కుదరదండీ’ అని వెళ్లే బదులు ‘76 తగ్గుతోందండీ, నూనె కలపాలి’ అని వెళ్లవచ్చు.

నాలుగో అడుగు: జవాబు కంటే ముందు నీడ ధర చూడండి

ఈ విషయం క్లాసులో ‘డ్యూయల్’ అనే పేరుతో వచ్చి, పరీక్షతో పోతుంది. నా పనిలో మాత్రం అసలు జవాబు కంటే దీన్నే ఎక్కువ వాడతాను. ఎక్సెల్ ఇచ్చే సెన్సిటివిటీ రిపోర్టులో ‘షాడో ప్రైస్’ అని ఒక నిలువు వరుస ఉంటుంది. మన లెక్కలో దాని అర్థం ఇది: ప్రోటీన్ ఒక శాతం పెంచితే టన్నుకు సుమారు 837 రూపాయలు పెరుగుతుంది. శక్తి 100 పెంచితే సుమారు 930.

‘17 ఉండాలా, 16.5 చాలా’ అని కోళ్ల డాక్టర్ గారితో మాట్లాడేటప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే చర్చ వేరుగా నడుస్తుంది. అయితే ఈ ధర కొంత పరిధి వరకే చెల్లుతుంది. శక్తిని 2,624 వరకు తీసుకెళ్లేసరికి తవుడు సున్నా అవుతుంది. అక్కడితో ఆ 930 అనే లెక్క అయిపోయింది. ఎక్సెల్ అదే రిపోర్టులో ఎంతవరకు పెంచవచ్చో, తగ్గించవచ్చో కూడా ఇస్తుంది, చాలామంది ఆ రెండు వరుసలు చదవరు.

అయిదో అడుగు: అంచు మీద నిలబడకండి

ఇప్పుడు గుడ్డు సైజు కథ.

సింప్లెక్స్ జవాబు ఎప్పుడూ మూల మీద ఉంటుంది. మూల అంటే నిబంధనలు ఒక్క చుక్క కూడా మిగల్చకుండా సరిగ్గా తాకే చోటు. మన జవాబులో ప్రోటీన్ సరిగ్గా 17.00. లాభం అక్కడి నుంచే వస్తుంది, ప్రమాదం కూడా అక్కడే. మొక్కజొన్నలో 9 శాతం అని నేను రాసింది పుస్తకంలో అంకె. లారీలో వచ్చింది 8.5. సోయా 46 అని బిల్లు మీద ఉంది, ల్యాబ్‌లో 44 వచ్చింది. అవే కిలోలు ఆ అంకెలతో లెక్క వేయండి: 16.27 శాతం. కాగితం మీద పదిహేడు, తొట్టిలో పదహారుంబావు.

పెద్దాయన ఫార్ములాను అదే నాసిరకం సరుకుతో లెక్క వేస్తే 16.8. మంచి సరుకుతో 17.58. ఆయనకు డ్యూయల్ అంటే ఏంటో తెలియదు, కానీ 620 రూపాయలు పెట్టి అరశాతం పైచిలుకు ప్రోటీన్, కాస్త శక్తి ముందుజాగ్రత్తగా కొన్నాడు. నీడ ధరతో సరిచూడండి: 0.58 శాతానికి 485, శక్తి 15 పెరిగినందుకు 140, మొత్తం 625. అయిదు రూపాయల తేడాతో అదే అంకె. నేను ‘ఆదా’ చేసింది వృథా ఖర్చును కాదు, ఆయన పెట్టుకున్న మార్జిన్‌ను.

అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే. “సోయా ఎప్పుడూ బిల్లు మీద ఉన్నంత ఉండదు బాబూ.”

మరి మార్జిన్ ఎంత పెట్టాలి? దీనికి ‘చాన్స్ కన్‌స్ట్రెయింట్’ అనే సిద్ధాంతం ఉంది, 1959లో చార్న్స్, కూపర్ రాశారు. ప్రోటీన్ 17 ఉండాలి అనే బదులు, నూటికి 95 బ్యాచ్‌లలో 17 ఉండాలి అని అడగడం. మిల్లు స్థాయిలో దీన్ని చేతి లెక్కలోకి దించుకోవచ్చు. తయారైన మేత ల్యాబ్ రిపోర్టులు ఒక ఇరవై తీసుకుని, కాగితం లెక్కకూ ల్యాబ్ అంకెకూ తేడాలు రాయండి. ముందు సగటు తేడా చూడండి. అది సున్నాకు దూరంగా ఉంటే, అంటే ఎప్పుడూ తక్కువే వస్తుంటే, అది మార్జిన్ విషయం కాదు, మీ సరుకు అంకెలే తప్పు, వాటిని దిద్దండి. తర్వాత ప్రామాణిక విచలనం కట్టండి. అది 0.3 వచ్చిందనుకుందాం. దాన్ని 1.65తో (నూటికి 95కు వాడే గుణకం) గుణిస్తే సుమారు 0.5. ప్రోటీన్ నిబంధనను 17.5గా మార్చండి. నీడ ధర ప్రకారం దీని ఖరీదు టన్నుకు 418 రూపాయలు. ఈ డబ్బు ఎందుకు పెడుతున్నామో ఇప్పుడు ఓనరు గారికి చెప్పగలం. ల్యాబ్ పరీక్షలు ఎక్కువ చేయించి 0.3ను 0.2కు తగ్గించగలిగితే ఎంత మిగులుతుందో కూడా చెప్పగలం. పరీక్షల ఖర్చును సమర్థించుకోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

ఆరో అడుగు: సాల్వర్ వింత జవాబు ఇస్తే సంతోషించండి

డాంట్జిగ్ గారే తన మీద ఈ ప్రయోగం చేసుకున్నారు. 1950ల మొదట్లో డాక్టరు బరువు తగ్గమంటే, కడుపు నిండినట్టుండే తిండిని కంప్యూటర్‌తో ఎంపిక చేయించారు. మొదటి జవాబులో 500 గ్యాలన్ల వెనిగర్ ఉంది. దాన్ని తీసేస్తే రోజుకు 200 సూప్ క్యూబులు వచ్చాయి. ఓ పొద్దున కొన్ని క్యూబులు నీళ్లలో కలిపి తాగబోతే నోట్లో పెట్టలేనంత ఉప్పు. క్యూబులు ఇన్నిటికి మించకూడదనే నిబంధన అప్పుడు చేరింది. అంతకుముందు ఎక్కువ తినడం మీద పరిమితి పెట్టాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే మామూలు మనిషి ఎవరూ అన్ని తినడు.

మేతలో నాకు తగిలింది గుడ్డు సొన రంగు. సరుకుల జాబితాలో నూకలు చేర్చాను, ప్రోటీన్ 8, శక్తి 3,200 అని. మొక్కజొన్న బదులు నూకలు వేయమని సాల్వర్ చెప్పింది. శక్తి సరిపోయింది, ప్రోటీన్ సరిపోయింది. కానీ సొనకు పసుపు ఇచ్చేది మొక్కజొన్న, నూకల్లో ఆ రంగు పదార్థం ఉండదు. పాలిపోయిన సొనను చూసి కొనేవాళ్లు పాత గుడ్డు అనుకుంటారు. ఈ నిబంధన ఏ పోషకాల పట్టికలోనూ లేదు. మొక్కజొన్నకు ఒక కనీస పరిమితి అప్పుడు పెట్టాను.

ఇలాంటివి ముందే అన్నీ రాసేయాలని చూడకండి, రాయలేరు. మొదటి మూడు నాలుగు జవాబులను పనిచేసేవాళ్ల ముందు పెట్టి, ‘ఇది చూస్తే మీకేం నవ్వొస్తోంది’ అని అడగండి. వాళ్లు నవ్విన ప్రతిచోటా ఒక నిబంధన దాగి ఉంటుంది.

ఏడో అడుగు: శిఖరం చదునుగా ఉందేమో చూడండి

నూకల లెక్కలో ఇంకో పాఠం ఉంది, నా మటుకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. మన ధరల్లో నూకలు కిలో 22.50 అయితే సాల్వర్ ఒక్క గింజ కూడా వేయదు. 22 రూపాయలైతే? టన్నుకు 579 కిలోల నూకలు, మొక్కజొన్న సున్నా. హద్దు 22.23 దగ్గర ఉంది. అర్ధరూపాయి తేడాతో మేత మొత్తం తలకిందులైంది.

ఇంత మార్పుకు ఆదా ఎంత? టన్నుకు 135 రూపాయలు, అంటే ఖర్చులో అరశాతం. పదివేల కోళ్ల షెడ్డులో కోడికి రోజుకు 110 గ్రాముల చొప్పున 1.1 టన్నుల మేత, ఆదా సుమారు 150 రూపాయలు. మేత ఒక్కసారిగా మారినందుకు గుడ్ల దిగుబడి ఒక్క శాతం పడిపోయినా రోజుకు వంద గుడ్లు పోతాయి. గుడ్డు అయిదు రూపాయలు వేసుకున్నా 500. ‘కనిష్ఠం’ అని సాల్వర్ చూపించిన చోటు, దాని చుట్టుపక్కల చోట్లు డబ్బులో దాదాపు ఒకటే. కానీ కోడి కడుపులో ఒకటి కాదు.

కాబట్టి రెండుసార్లు లెక్క వేయండి. మొదటిసారి కనిష్ఠ ఖర్చు కనుక్కోండి. రెండోసారి ఖర్చును నిబంధనగా మార్చండి: కనిష్ఠం కంటే అరశాతానికి మించి పెరగకూడదు. ఇప్పుడు కొత్త లక్ష్యం, నిన్నటి మేతకు వీలైనంత దగ్గరగా ఉండటం. ‘తేడా’ అంటే పరమమూల్యం వస్తుంది కదా, అది సరళం కాదు కదా అని ఆగిపోకండి. ప్రతి సరుకుకు ‘పెరిగింది’, ‘తగ్గింది’ అని రెండు సున్నాకు తగ్గని చలరాశులు పెట్టండి. ఈరోజు కిలోలు = నిన్నటి కిలోలు + పెరిగింది - తగ్గింది. వాటన్నిటి కూడికను కనిష్ఠం చేయమనండి. మళ్లీ సింప్లెక్స్‌కే లొంగుతుంది.

ఎనిమిదో అడుగు: బస్తాలు, కాటా

543.9 కిలోలు అని కాగితం మీద రాసిస్తే మిక్సర్ దగ్గర ఎవరూ అలా తూచరు. బస్తాల లెక్కకు నేను తొందరలో దగ్గరి అంకె వేస్తే, మొక్కజొన్న 11, సోయా నాలుగున్నర, తవుడు 2 బస్తాలు వచ్చింది. ఖర్చు 25,325, కనిష్ఠం కంటే తక్కువ! సంతోషించాల్సింది కాదు, అనుమానించాల్సింది. కనిష్ఠం కంటే తగ్గిందంటే ఎక్కడో నిబంధన తెగింది. ప్రోటీన్ 16.8కు పడింది.

అర బస్తాలను పూర్ణాంకాలుగా పెట్టి సాల్వర్‌నే ఎంచుకోనివ్వవచ్చు. అప్పుడు ఒక సంగతి గమనించండి. పూర్ణాంకాలున్నప్పుడు ఎక్సెల్ సాల్వర్ కనిష్ఠానికి ఒక శాతం దగ్గరకు రాగానే ‘ఇదే ఉత్తమం’ అని ఆగిపోతుంది. మన లెక్కలో ఒక శాతం అంటే టన్నుకు 254 రూపాయలు. ఆప్షన్స్‌లో దాన్ని సున్నా చేయండి. అక్కడే పూర్ణాంక నిబంధనలను పట్టించుకోవద్దనే ఇంకో టిక్ ఉంటుంది, అది పడి ఉంటే తీసేయండి.

మేం చివరికి ఇంత కూడా చేయలేదు. విడి కిలోలు తూచే కాటా ఒకటి మిక్సర్ పక్కన పెట్టించి, అయిదు కిలోలకు సవరించి రాశాం. సవరించిన ప్రతిసారీ ప్రోటీన్, శక్తి మళ్లీ లెక్క వేసి చూసుకోవాలి, అంతే.

తొమ్మిదో అడుగు: తిరిగి కొలవడం

మేత కలిపిన రోజు తేదీ, కాగితం లెక్క, ల్యాబ్ అంకె, ఆ వారం గుడ్డు సగటు బరువు, ఈ నాలుగూ ఒకే వరుసలో రాసే పుస్తకం పెట్టండి. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, రూళ్ల పుస్తకం చాలు. సరుకు అంకెలను సరఫరాదారు వారీగా విడదీయండి. ‘సోయా 46’ అని ఒకటే రాసుకోకుండా, ఏ మిల్లు సోయాకు ఎంత వస్తోందో వేర్వేరుగా. అలా విడదీశాక సాల్వర్‌కు అవి రెండు వేర్వేరు సరుకులు. నీడ ధరలతో కడితే 46 శాతం సోయా కంటే 44 శాతం సోయా విలువ కిలోకు సుమారు 1 రూపాయి 67 పైసలు తక్కువ. అంతకు తక్కువ తగ్గింపు ఇచ్చేవాడి దగ్గర కొనకూడదు.

ఆ అంకెను పెద్దాయనకు చూపించాను. కళ్లజోడు పైకి జరుపుకుని చూసి, “రూపాయిన్నర అని నేను ఎప్పట్నుంచో చెప్తున్నాను, ఓనరు గారు వింటేనా” అన్నాడు. ఇప్పుడు ప్రోటీన్ నిబంధనలో 17.5 ఉంది. ఆ అరశాతం పక్కన సెల్‌లో, ఎవరూ తీసేయకుండా, ‘పెద్దాయన మార్జిన్’ అని రాసి పెట్టాను.